పిలిచిన నక్క – పిలువని నక్క

ఈ వ్యాసమునకు కారణమైనవాడు మా విద్యార్థియే. రేపల్లె వైపు గ్రామము నుండి ప్రతిదినము రైలులో తెనాలి వచ్చి చదువుకొను ఇంటర్మీడియట్ పిల్లవాడొకడు ఒక సోమవారము తరగతికి కుంటుచు వచ్చినాడు. పిక్కకు పాతగుడ్డ కట్టియున్నది. ఏమి జరిగినదని అడిగితిమి. శనివారము పట్టపగలు పొలములోని తండ్రికి అన్నము తీసికొనిపోవుచుండగా, కాలువ గట్టు మీద ఒక నక్క ఎదురు వచ్చినదట. అది తప్పుకొనలేదు, అరవలేదు. తిన్నగా వచ్చి పిక్క పట్టి కరచి, తన దారిన తాను పోయినదట. ఇంటివారు గాయము మీద కారమును సున్నమును అద్ది, పొరుగూరిలో ఆకుపసరు పోయించినారు.

ఆసుపత్రికి ఎందుకు పోలేదని అడుగగా, "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారంట సార్. అయినా కరిచింది కుక్క కాదు గదా, నక్కే గదా!" అన్నాడు.

ఆ మాటలో రెండు భాగములున్నవి. రెండును తప్పే. ఆ రెండింటిలో ఏ ఒక్కటియైనను నిండు ప్రాణమును తీయగలదు. ఆ గంటలోనే జంతుశాస్త్ర ఉపన్యాసకులైన మా సహోద్యోగితో కలసి ఆ పిల్లవానిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయినాము. తరువాత మాకొక ఆలోచన కలిగినది. మనము చిన్ననాటి నుండి కథలలో నక్కను చదివినాము. సామెతలలో నక్కను పలికినాము. కాని నిజమైన నక్క ఎదురు వచ్చిననాడు దానిని చదువుట మనకు చేతకాలేదు. ఆ లోటును కొంత తీర్చుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మాటలలోని నక్క

మొదట పేరును గూర్చి. మనము నక్క అని పిలుచునది ఆంగ్లమున జాకాల్. ఆంగ్ల పాఠములలోని ఫాక్స్ వేరు. అది మన గుంటనక్క. నక్క కంటె చిన్నది, బక్కపలుచనిది. అనువాదములలో రెండింటిని నక్కయే అనుట వలన, ఒకదాని గుణములు మరియొకదానికి అంటుకొన్నవి.

జాకాల్ అను మాట ప్రయాణము ఆసక్తికరమైనది. సంస్కృతమున శృగాలము, పారసీకమున షగాల్, తుర్కీలో చకాల్, ఆంగ్లమున జాకాల్. జంతువుతో పాటు కథయు ప్రయాణము చేసినది. పంచతంత్రములోని కరటక దమనకులు నక్కలే. వారి కథ 6వ శతాబ్దమున పహ్లవీ భాషకు పోయినది. 8వ శతాబ్దమున ఇబ్న్ అల్ ముకఫ్ఫా దానిని అరబ్బీలోనికి తెచ్చినాడు. అచట కరటకుడు కలీలా అయినాడు, దమనకుడు దిమ్నా అయినాడు. 15వ శతాబ్ది చివర హుసేన్ వాయిజ్ కాషిఫీ పారసీకమున 'అన్వారె సుహైలీ' రచించినాడు. తెలుగున 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' వెలువడినది. మా కళాశాలలో ఉర్దూ విద్యార్థియు తెలుగు విద్యార్థియు ఒకే నక్కల జంటను రెండు పేర్లతో ఎరుగుదురు.

కాని ఈ కథలన్నింటిలోను నక్క జిత్తులమారియే. మన సామెతలును అట్లే ఉన్నవి. నక్క వినయములని, నక్క జిత్తులని అందుము. అదృష్టము కలిసివచ్చినవానిని నక్క తోక తొక్కినాడందుము. ఇవి మనుష్యుని గూర్చిన మాటలే గాని నక్కను గూర్చినవి కావు. నక్కను కనులార చూచినవారి మాటలు రెండు మాకు ఉర్దూలో దొరకినవి. చిన్నతనమున మేము అలిగి బెదిరించినపుడు మా అమ్మీ నవ్వి, "యే గీదడ్ భబ్‌కీ కిసీ ఔర్ కో దిఖావో" అనెడిది. గీదడ్ అనగా నక్క. గీదడ్ భబ్‌కీ అనగా నక్క బెదిరింపు, లోపల ధైర్యము లేని ఉత్తుత్తి గర్జన. రెండవది సామెత: "గీదడ్ కీ మౌత్ ఆతీ హై తో షహర్ కీ తరఫ్ భాగ్‌తా హై." నక్కకు చావు మూడిననాడు ఊరి వైపు పరుగెత్తునని అర్థము. ఈ రెండు మాటలను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మేము చెప్పదలచినదంతయు వీనిలోనే ఉన్నది.

పొలములోని నక్క

మన నక్క శాస్త్రనామము కేనిస్ ఆరియస్. కుక్కకు, తోడేలునకు దగ్గరి బంధువు. బరువు సాధారణముగా 8 నుండి 11 కిలోలు. ఎత్తు అడుగున్నర మించదు. ఆడుమగలు జంటగా ఏండ్ల తరబడి కలసియుండును. సుమారు 9 వారములు గర్భము మోసి, బొరియలోనో పొదలోనో పిల్లలను పెట్టును. అంతకు ముందటి ఈతలోని పిల్లలలో కొన్ని తల్లిదండ్రులను విడువక తమ్ములను చెల్లెండ్రను పెంచుటలో సాయపడును. కథలలోని దమనకుడు మిత్రభేదము చేయగా, పొలములోని దమనకుడు సంసారపక్షముగా బ్రతుకుచున్నాడు!

కృష్ణా డెల్టాలో కాలువ గట్లు, జమ్ము పెరిగిన మురుగుకాలువలు, తాటితోపులు, బాపట్ల తీరమున సరుగుడు తోటలు, రేపల్లె నిజాంపట్నముల దిగువ మడ అడవులు, ఇవి నక్కకు అనుకూలమైన తావులు. కృష్ణ సముద్రమున కలియు చోట 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యములో బావురుపిల్లితోను నీటికుక్కతోను పాటు నక్కయు ఉన్నది. దాని ఆహారమును చూడుడు: ఎలుకలు, పందికొక్కులు, పీతలు, కప్పలు, రేగుపండ్లు, చచ్చిన పశువులు. వరికి ఎలుక ఎంతటి శత్రువో, గట్టుకు పీతబొక్క ఎంతటి చేటో రైతుబిడ్డలైన మా విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. అప్పుడప్పుడు కోడిపిల్లను, మేకపిల్లను ఎత్తుకొనిపోవు మాట నిజమే. అయినను లెక్క చూచినచో నక్క రైతుకు బాకీపడినది తక్కువ.

ఇట్టి చిన్న జంతువు మనుష్యుని మీదికి ఎప్పుడు వచ్చును? ఈ ప్రశ్నకు జవాబు వేటగానికి తెలిసినంత ఇతరులకు తెలియదు.

వేటగాడు పిలిచిన నక్క

మన రాష్ట్రములో నక్కలవారు అను జాతి కలదు. తమిళదేశమున వారిని నరికురవలు, కురివిక్కారులు అందురు. ఇంట వారు మాట్లాడు వాగ్రీ బోలి గుజరాతీకి దగ్గరగా నుండును. బయట తెలుగు, ఉర్దూ, తమిళము, ఏ ఊరికి ఆ భాష. 2002 నాటి సవరణ చట్టము ద్వారా వీరిని ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చినారు. వెనుకటి కాలమున నక్కవేట వీరి జీవనాధారములలో ఒకటి. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారిగార్ల ఏడు సంపుటముల గ్రంథములో వీరు నక్కను కూతతో పిలిచి పట్టు విధానము వర్ణింపబడినది.

తెనాలి పొలిమేరలో ఒక గుడిసెల వాడలో నివసించు డెబ్బది దాటిన వృద్ధుని మేము కలిసికొన్నాము. ఆయన పడుచుతనమున వేటాడినవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప వేట నేరమైనది. కాలక్రమమున ఆయన ఆ పని మాని పూసలు, పిన్నీసులు అమ్ముకొనుచున్నాడు. ఆయన చెప్పిన పద్ధతి ఇది: చీకటి రాత్రి, గాలి ఎదురుగా వీచు చోటు చూచుకొని వల పన్నవలెను. ఒకడు నెత్తిన దుప్పటి కప్పుకొని, గొంతుకూర్చుండి నక్కవలె కూయవలెను. తక్కినవారు కఱ్ఱలతో పొంచియుండవలెను. కూత విని నక్కలు పరుగున వచ్చును.

"ఒక రాత్రి అది ఎదురుగా రాలేదు సారూ. వెనకనించి వచ్చి భుజమ్మీదికి దూకింది. పళ్ళు దుప్పట్లోనే దిగినయ్. నేను కెవ్వుమని లేచి మొగం తిప్పాను. నా మొగం చూడంగానే అది నాకంటే పెద్దగా కెవ్వుమని పారిపోయింది. అది నన్ను నక్కనుకొని వచ్చింది. మనిషినని తెలిసినాక దానికంటే పిరికిది లేదు."

ఇందులోని శాస్త్రము తేటతెల్లమే. నక్కల జంటకు తమదైన హద్దు ఉన్నది. ఆ హద్దులో పరాయి కూత వినబడినచో తరిమివేయుటకు వచ్చును. వేటగాడు అనుకరించినది ఆ పరాయి కూతనే. కనుక నక్క దూకినది మనుష్యుని మీదికి కాదు, మనుష్యుడు కల్పించిన నక్క మీదికి.

బొరియ దగ్గరకు పోయినచో మరియొక విధమైన ఎదిరింపు కనబడును. పిల్లలున్న తల్లి వీపు విల్లువలె వంచి, చెవులు వెనుకకు విరిచి, పళ్ళు ఇగిలించి నాలుగడుగులు మీదికి వచ్చి ఆగును; మరల వెనుకకు పోవును; మరల వచ్చును. చూచువానికి గుండె జల్లుమనును. అది మా అమ్మీ చెప్పిన భబ్‌కీయే. "ఇక్కడినుండి పొమ్ము" అని దాని అర్థము. పోయినచో అంతటితో తీరిపోవును.

అమెరికా దాయాది

ఉత్తర అమెరికాలో మన నక్కకు దాయాది యొకటి కలదు. దాని పేరు కయోటీ, శాస్త్రనామము కేనిస్ లేట్రాన్స్. నక్కకంటె పెద్దది; సాధారణముగా 10 నుండి 15 కిలోల బరువుండును, ఈశాన్య ప్రాంతములలో ఇంకను ఎక్కువ. అచటి వేటగాండ్రును దానిని పిలిచియే వేటాడుదురు. ఆకుల రంగు దుస్తులు ధరించి, చెట్టు మొదట కదలక కూర్చుండి, గాయపడిన కుందేలు అరపు వంటి ధ్వనిని పీకతో ఊదుదురు. కయోటీ ఆహారము దొరకినదని పరుగున వచ్చును. ఒక్కొక్కప్పుడు వేటగాడు చూచులోపలనే పక్కనుండి మీదికి దూకును. అడవి టర్కీ కోడివలె కూయుచు ఆ కోడి కొరకు పొంచియున్నవారి మీదికి కయోటీలు దూకుటయు అచట వినబడు సంగతియే. ఆ వేటగాండ్రు తమ అనుభవములను చెప్పుకొనునపుడు కయోటీ క్రూరత్వమును వర్ణింతురు. కాని కుందేలువలె అరచినవాని దగ్గరకు కుందేలును తిను జంతువు వచ్చుటలో వింత ఏమున్నది? తెనాలి వృద్ధుని మాట అచటికిని వర్తించును.

నోటితోనే కాదు, చేతితోను పిలువవచ్చును. ఇంటి వెనుక ఎంగిలి పారవేయుట, కోళ్ళ వ్యర్థములను ఊరి చివర పోగువేయుట, ముచ్చటపడి తిండి పెట్టుట, ఇవియన్నియు పిలుపులే. తిండికి అలవాటుపడిన కయోటీలు మనుష్యుని భయము మరచి పిల్లలను కరచిన సందర్భములు అమెరికా పట్టణములలో కలవు. 1981లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో మూడేండ్ల బాలిక కయోటీ బారిన పడి మరణించినది.

అయితే పిలుపు అను ఒక్క కారణముతో అన్నింటిని వివరింపబూనుట పొరపాటు. 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్ హైలాండ్స్ జాతీయోద్యానములో ఒంటరిగా నడచుచున్న 19 ఏండ్ల యువగాయని కయోటీల దాడిలో ప్రాణము కోల్పోయినది. 2022లో వెలువడిన పరిశోధన ఒకటి అచటి కయోటీల మీసముల వెండ్రుకలను పరీక్షించినది. అవి మనుష్యుల తిండికి అలవాటుపడినవి కావనియు, చిన్న జంతువులు కరవై మూస్ అను పెద్ద దుప్పిజాతి జంతువు మీద ఆధారపడి బ్రతుకుచున్నవనియు తేలినది. పెద్ద జంతువును వేటాడ నేర్చినది మనుష్యునియెడ కూడ సాహసించినదని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కయోటీ వలన పెద్దవయసు మనుష్యుడు మరణించిన సంఘటన అదొక్కటియే నమోదైనది. అరుదైనది గనుక అది జరుగలేదనరాదు; జరిగినది గనుక ప్రతి నక్కయు అట్టిదే అనరాదు.

పిలువక వచ్చిన నక్క

వృద్ధుడు రెండవ సంగతి చెప్పుటకు చాలసేపు సందేహించినాడు. ఒక వేసవి మిట్టమధ్యాహ్నము నక్క యొకటి తిన్నగా గుడిసెల నడుమకు వచ్చినదట. కుక్కలు మొరిగినను లెక్కచేయలేదు. ఆయన తమ్ముడు కఱ్ఱ తీసికొని అదలించినాడు. అది కఱ్ఱను కరచినది, తరువాత చేతిని కరచినది. అందరును కలసి దానిని చంపివేసినారు. చేతి గాయము చిన్నది. పది దినములలో మానిపోయినది.

"నెలన్నర పోయినాక వాడికి జరమొచ్చింది. చెయ్యి జివజివలాడిందన్నాడు. తర్వాత నీళ్ళు చూస్తే వణికాడు. దాహమని అడుగుతాడు, తాగలేడు. ఎన్ని పసర్లు పోశామో సారూ! నాలుగో రోజు పోయాడు."

కొంతసేపటికి తల యెత్తి, ఆయన ఇట్లన్నాడు: "పిలిస్తే వచ్చిన నక్క వేరు, పిలవకుండా వచ్చిన నక్క వేరు. పిలిస్తే వచ్చినది మనల్ని చూసి పారిపోతుంది. పిలవకుండా పట్టపగలు ఊళ్ళోకి వచ్చినదాన్ని చూసి మనం తప్పుకోవాలి. అది చచ్చిపోతా వచ్చింది."

మా విద్యార్థిని కరచిన నక్కయు అట్టిదే. తప్పుకొనలేదు, బెదిరింపలేదు, అరవలేదు. భబ్‌కీ లేని నక్కను చూచి భయపడవలెను. చావు మూడిన నక్క ఊరి వైపు పరుగెత్తునను ఉర్దూ సామెత నీతివాక్యము మాత్రమే కాదు. అది రేబిస్ లక్షణమును కనిపెట్టిన పెద్దల పరిశీలన కూడ అని మేము తలచుచున్నాము.

రేబిస్ వైరస్ కరచిన జంతువు చొంగతో గాయములో ప్రవేశించును. నరముల వెంట మెల్లగా మెదడు వైపు ప్రయాణించును. సాధారణముగా ఒకటి నుండి మూడు నెలలు పట్టును. మెదడును చేరి లక్షణములు కనబడిన తరువాత బ్రతుకుట దాదాపు అసంభవము. కనుక గాయము మానినదని సంతోషించుటకు వీలులేదు. ఆ మధ్యనున్న దినములే మనకు దేవుడిచ్చిన గడువు. మనుష్యులకు వచ్చు రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్కకాటు వలననే. కాని నక్క, ముంగిస, కోతి, పిల్లి కరచినను ప్రమాదమే. కుక్కనైనచో కట్టివేసి 10 దినములు కనిపెట్టి చూచు పద్ధతి యొకటున్నది. అడవి జంతువుకు ఆ పద్ధతి చెల్లదు. వైద్యుల లెక్కలో అడవి జంతువు కాటు అన్నింటికంటె తీవ్రమైన మూడవ తరగతికి చెందినది. "నక్కే గదా" అను మాట ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

చేయవలసినది

1885 జూలైలో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేసి రక్షించినాడు. మన దక్షిణదేశమున 1907లో కూనూరు పాశ్చర్ సంస్థ వెలసినది. ఆ కాలపు టీకా గొఱ్ఱె మెదడుతో తయారగునది. కడుపు మీద దినమునకొకటి చొప్పున 14 సూదులు పొడిపించుకొనవలసి వచ్చెడిది. ఆ టీకాను మన దేశములో 2004 చివర నిలిపివేసినారు. టీకా పోయినది గాని దాని భయము మాత్రము పల్లెలలో మిగిలిపోయినది. నేటి టీకాను భుజమునకే వేయుదురు. కండరములోనికైనచో కాటు తరువాత వైద్యము మొదలైన దినము, 3, 7, 14, 28వ దినములలో అయిదు మోతాదులు. చర్మములోనికైనచో మొదటి దినము, 3, 7, 28వ దినములలో నాలుగు పర్యాయములు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా వేయుదురు. గాయము తీవ్రమైనచో గాయములోనే ఇమ్యునోగ్లోబులిన్ కూడ ఇత్తురు.

విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగిన విషయములు ఇవి:

ఒకటి: నక్క ఎదురైనపుడు పరుగెత్తరాదు. దాని వైపు ముఖముంచి, చేతులు పైకెత్తి, పెద్దగా అరచుచు, మెల్లగా వెనుకకు తగ్గవలెను. పిల్లలున్న పొదను కదపరాదు.

రెండు: పట్టపగలు బెదరక తిరుగు నక్కను, తూలుచు నడచు నక్కను కఱ్ఱతో ఎదుర్కొనుట వీరత్వము కాదు. పిల్లలను, పశువులను లోపలికి తీసికొని, అటవీశాఖ వారికి తెలుపవలెను.

మూడు: కరచిన వెంటనే పారుచున్న నీటితో సబ్బు పెట్టి 15 నిమిషములు కడుగవలెను. ఆలస్యమైనను కడుగుట మానరాదు. కారము, సున్నము, పసుపు, పసరు పెట్టరాదు. వాతలు వేయరాదు.

నాలుగు: అదే దినమున ఆసుపత్రికి పోవలెను. మొదలుపెట్టిన సూదులను నడుమ మానరాదు.

అయిదు: ఒక నక్క కరచినదని కనబడిన నక్కనెల్ల చంపబూనుట తెలివితక్కువ. అది చట్టరీత్యా నేరము. అంతకుమించి మన పొలములకే నష్టము. "నక్క కొమ్ము" అదృష్టము తెచ్చునని కొనుటయు ఆ జంతువును చంపించుటయే. ఉర్దూవారు సియార్ సింగీ అనునదియు అదే. నక్కకు కొమ్ములు లేవు. కొనువానికి తెలివియు ఉండదు.

మేము సెలవు తీసికొనునపుడు, ఆ కూత ఒక్కసారి వినిపింపుమని వృద్ధుని కోరితిమి. ఆయన సిగ్గుపడి, తరువాత కండువా నెత్తిన కప్పుకొని, చీకటిపడుచున్న పొలముల వైపు తిరిగి కూసినాడు. వాడలోని కుక్కలన్నియు ఒక్కసారి మొరిగినవి. పొలముల నుండి బదులు రాలేదు. "ముందు ఇంత సేపు పట్టేది కాదు" అని ఆయన కండువా దులిపి భుజమున వేసికొన్నాడు.

మా విద్యార్థి అయిదు సూదులును పూర్తిచేసికొన్నాడు. ఆ అయిదు తేదీలు తన తెలుగు నోటుపుస్తకము అట్ట లోపల వ్రాసికొని, ఒక్కొక్కదానిని కొట్టివేయుచు వచ్చినాడు. అయిదవ తేదీని కొట్టివేసిన దినమున ఆ పుస్తకము మాకు చూపి, "మా ఊళ్ళో అందరికీ చెప్పాను సార్, పద్నాలుగు కాదు, అయిదేనని" అన్నాడు. ఈ పాఠమును మాకంటె ముందు బోధింప మొదలుపెట్టినవాడు అతడే.